మగవాళ్లకు సాయంత్రపు తీపి సెంటు: తక్కువ ఖర్చులో ఎంచుకోవడం నుంచి వాడుకోవడం దాకా

సాయంత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని రిసెప్షన్‌కో, ఇంట్లోవాళ్లతో బయట భోజనానికో బయల్దేరేటప్పుడు, పొద్దున ఆఫీసుకు కొట్టుకునే నిమ్మ వాసన సెంటు సరిపోదనిపిస్తుంది. అది ఎండకు, చెమటకు, హడావిడికి పుట్టిన వాసన. పొద్దుగూకాక కావలసింది వెచ్చగా, కాస్త తియ్యగా, పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రమే తెలిసేలా ఉండే వాసన. అలాంటిది వేలకు వేలు పోయకుండానే దొరుకుతుంది. పన్నెండేళ్లుగా సెంట్లు, అత్తర్లు కొని, వాడి, కొన్నిసార్లు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. తీపి సెంటు బాగుందా లేదా అన్నది అందులోని తీపి తేల్చదు, ఆ తీపికి తోడుగా ఏముందో అది తేలుస్తుంది. చక్కెర పొంగలిలో చిటికెడు పచ్చకర్పూరం, నాలుగు యాలకులు పడకపోతే అది ఉట్టి బెల్లం అన్నం. రెండు ముద్దలకే వెగటు పుడుతుంది. సెంటు కూడా అంతే. వెనీలా పక్కన మిరియం ఘాటో, పొగాకు వగరో, చెక్క పొడితనమో ఉంటే ఆ వాసన రాత్రి పదకొండింటికి కూడా హాయిగా ఉంటుంది. ఉట్టి తీపి అయితే ఎనిమిదింటికే తల పట్టేస్తుంది. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఈ తోడునే వెతుకుతాం.

మొదటి అడుగు: తీపి రకాలను ముక్కుకు నేర్పండి

షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక గంట కూర్చోండి. డబ్బా మీద రాసి ఉండే పేర్లు చాలావరకు మనకు తెలిసిన వాసనలే. కొత్తది పేరు మాత్రమే.

టోంకా అని రాసి ఉంటే భయపడకండి. అది దక్షిణ అమెరికాలో పెరిగే ఒక చెట్టు గింజ. దాని వాసనకు మూలం కూమరిన్ అనే పదార్థం. కోసి ఎండబెట్టిన గడ్డికి ఆ తియ్యటి వాసన వచ్చేది కూడా దానివల్లే. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కొత్త గడ్డివామి పక్కన నిలబడినవాళ్లకు టోంకా సగం తెలిసినట్టే. దానికి కాస్త బాదం, కాస్త వెనీలా కలిపి ఊహించుకోండి.

బెంజాయిన్ అంటే మన సాంబ్రాణి. పొగ వేసినప్పటి వాసన కాదు, నిప్పు మీద వేయకముందు మంచి సాంబ్రాణి ముక్కను గోటితో గీకి చూడండి. పొడిపొడిగా, వెనీలాలాంటి తీపి తగులుతుంది. సెంట్లలో అంబర్ అని పిలిచే వాసన ఎక్కువగా ఈ సాంబ్రాణి, వెనీలా, లాబ్డనం అనే మరో బంక కలిపి కట్టినదే.

పొగాకు అని రాసి ఉంటే సిగరెట్ కంపు గుర్తుకు తెచ్చుకోవద్దు. ప్రకాశం, గుంటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పండిన ఆకులో ఎండుగడ్డి, తేనె, ఎండుద్రాక్ష కలిసిన వాసన ఉంటుంది. మగవాళ్ల తీపి సెంట్లకు దీన్ని మించిన తోడు లేదని నా నమ్మకం.

ప్రాలిన్, క్యారమెల్, పీచుమిఠాయి లాంటి మాటలు కనిపిస్తే అందులో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం ఉండే అవకాశం ఎక్కువ. బెల్లం పాకం ఉండపాకానికి వచ్చి, ఇంకాస్త ఉంటే మాడుతుందేమో అన్న క్షణంలో వచ్చే వాసన ఇలాంటిదే. కొంచెం ఉంటే నోరూరుతుంది, ఎక్కువైతే తిరునాళ్లలో మిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. చవక సెంట్లలో ఎక్కువగా చెడేది ఇక్కడే.

దాల్చినచెక్క, యాలకులు, ఖర్జూరం, తేనె, కాఫీ గురించి చెప్పేదేముంది, వంటింట్లో డబ్బాలు తెరిచి చూడండి. వీటిలో మీకు ఏ రెండు ఎక్కువ నచ్చాయో ఒక కాగితం మీద రాసుకోండి. షాపులో అమ్మేవాళ్లు ‘మీకు ఎలాంటిది కావాలి సార్’ అన్నప్పుడు ‘మంచిది’ అని కాకుండా ‘పొగాకు, వెనీలా ఉన్నది చూపించండి’ అనగలిగితే సగం పని అయిపోయినట్టే.

చవకలో తీపి ఎందుకు బాగుంటుంది

ఇది తెలిస్తే కొనేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. అసలైన గులాబీ, మంచి గంధం, ఊద్ అనే అగరు చెక్క లాంటివి ఖరీదైన సరుకు. చవక సెంటులో అవి నిజంగా ఉండవు, ఉన్నట్టు చేసిన అనుకరణ తరచుగా పట్టుబడిపోతుంది. తీపి వాసనల సంగతి వేరు. కూమరిన్‌ను 1820లో టోంకా గింజ నుంచి వేరు చేశారు. 1868లో విలియం హెన్రీ పెర్కిన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. మొదటి కృత్రిమ రంగు కనిపెట్టినది కూడా ఈ పెర్కినే, అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు వెనీలా వాసనకు మూలమైన వెనిలిన్ తయారీకి దారి చూపించారు. 1882లో ఊబిగాన్ సంస్థ కూమరిన్ వాడి ఫుజేర్ రోయాల్ అనే సెంటు తెచ్చింది. మగవాళ్ల సెంట్లలో ఒక పెద్ద కుటుంబానికి పేరు దాన్నుంచే వచ్చింది.

అంటే తీపి వాసనకు మూలమైన పదార్థాలు నూట యాభై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. లక్షల్లో తయారయ్యే చవక సీసాలో, పేరున్న ఖరీదైన సీసాలో ఉండే వెనిలిన్ అణువు ఒకటే. తేడా కూర్పులో ఉంటుంది, అంటే దేన్ని ఎంత పాళ్లలో, ఏ తోడుతో కలిపారన్నదాంట్లో. తక్కువ డబ్బుతో ఏదైనా ఒక కోవ సెంటు కొనాలంటే నేను తీపివే కొనమంటాను. నిమ్మ, గులాబీ కోవలో చవక సరుకు చాలాసార్లు నేల తుడిచే మందులా తేలిపోతుంది.

మగవాళ్ల సెంట్లలో ఈ తీపి గట్టిగా అడుగుపెట్టింది 1990లలో. 1995లో జాన్ పాల్ గోటియే సంస్థ లె మాల్ తెచ్చింది. పుదీనా, లావెండర్ చల్లదనం కింద వెనీలా వెచ్చదనం దాని బలం. దాన్ని కూర్చిన ఫ్రాన్సిస్ కుర్క్‌జియాన్ అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. 1996లో మ్యూగ్లర్ సంస్థ నుంచి ఎ మెన్ వచ్చింది, అందులో కాఫీ, క్యారమెల్, పచౌలి అనే ఆకు మట్టి వాసన. ఆ తర్వాత 2008లో పాకో రబాన్ వారి వన్ మిలియన్. ఇవాళ మనకు రెండు మూడు వేలకు దొరికే తీపి సీసాల్లో చాలావాటి వంశం ఈ మూడింటిలో ఏదో ఒకదానికి చేరుతుంది.

రెండో అడుగు: మీ సాయంత్రం ఎక్కడ గడుస్తుందో తేల్చుకోండి

ఏసీ హాల్లో రిసెప్షన్, ఆరుబయట పందిట్లో పెళ్లి, కారులో నలుగురితో ప్రయాణం, ఇంటి మేడ మీద పుట్టినరోజు భోజనం: వీటన్నిటికీ ఒకే సీసా సరిపోవచ్చు, కానీ ఒకే మోతాదు సరిపోదు. వేడి, తేమ ఉన్నచోట తీపి వాసన ఉబ్బుతుంది. విజయవాడలోనో విశాఖలోనో ఉక్కపోత రాత్రి, హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి, ఒకే సెంటు రెండు వేరు మనుషుల్లా ప్రవర్తిస్తుంది. కోస్తాలో ఉండేవాళ్లు పొగాకు, మిరియం, చెక్క తోడున్న పొడి తీపిని తీసుకోండి. చలి గట్టిగా ఉండే ఆదిలాబాద్ వైపు వాళ్లు, అమెరికాలో మంచు కురిసే ఊళ్లలో ఉండే మనవాళ్లు ఖర్జూరం, ప్రాలిన్ లాంటి చిక్కటి తీపికి నిర్భయంగా వెళ్లవచ్చు.

మన పెళ్లిళ్లలో ఇంకో సంగతి ఉంది. అక్కడ మల్లెదండలు, గంధం, అగరొత్తులు, వంటల వాసన ముందే నిండి ఉంటాయి. పూల వాసన ఉన్న తీపి సెంటు ఆ గుంపులో కలిసిపోయి జిడ్డుగా అనిపిస్తుంది. దాల్చినచెక్క, యాలకుల తోడున్నది మాత్రం బిర్యానీ ఆవిరి పక్కన కూడా ఒద్దికగా ఉంటుంది.

మూడో అడుగు: లెక్క వేయండి

స్ప్రే సీసా ఒక్కసారి నొక్కితే సుమారు 0.1 మిల్లీలీటరు బయటకు వస్తుంది. 100 మిల్లీలీటర్ల సీసా 2,500 రూపాయలనుకోండి. ఒక్కో స్ప్రేకు రెండున్నర రూపాయలు. సాయంత్రానికి మూడు స్ప్రేలు చాలు, అంటే ఏడున్నర రూపాయలు. బయట తాగే టీ కంటే తక్కువ.

ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. వారానికి రెండు సాయంత్రాలు వాడితే ఏడాదికి దాదాపు 31 మిల్లీలీటర్లే ఖర్చవుతాయి. ఆ 100 మిల్లీలీటర్ల సీసా మూడేళ్లు వస్తుంది. అందుకే ఒంటరిగా పెద్ద సీసా కొనే ముందు ఆలోచించండి. అన్నదమ్ములో, రూమ్మేట్లో ఉంటే ఒకటి కొని పంచుకోండి. చిన్న ఖాళీ స్ప్రే సీసాలు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. నేనూ మా బావమరిదీ ఇలాగే చేస్తాం, ఒక సీసా డబ్బుతో ఇద్దరికీ రెండు రకాలు దక్కుతాయి.

సీసా మీద ఓ ద పర్ఫ్యూమ్ అని ఉంటే అందులో సుగంధ తైలం మామూలుగా 15 నుంచి 20 శాతం ఉంటుంది. ఓ ద టాయిలెట్ అంటే అంతకంటే తక్కువ. సాయంత్రపు తీపికి మొదటిదే తీసుకోండి. డియో, బాడీ స్ప్రేలలో తైలం బాగా తక్కువ, గంటలో మాయమవుతుంది. దాన్ని పదేపదే కొట్టుకునే ఖర్చు చివరికి ఇక్కడికే వస్తుంది.

నాలుగో అడుగు: ఏవి చూడాలి

ధరలు పండగ అమ్మకాలను బట్టి మారుతుంటాయి కాబట్టి రూపాయల లెక్క కంటే వాసన లెక్కే ఎక్కువ చెబుతాను. కింద చెప్పేవన్నీ మామూలుగా మూడు వేలకు అటూఇటూ, లేదా అంతకంటే బాగా తక్కువకు దొరికేవే.

తక్కువ ధరలో చిక్కటి తీపి కావాలంటే ఇవాళ దుబాయి వైపు చూడాల్సిందే. యూఏఈకి చెందిన లతాఫా సంస్థ 2022లో ఖమ్రా అనే సీసా తెచ్చింది. దాల్చినచెక్క, ఖర్జూరం, ప్రాలిన్, వెనీలా, టోంకా. మొదటి అరగంట చాలా తియ్యగా ఉంటుంది, కొందరికి అక్కడే వద్దనిపిస్తుంది. ఆగండి. గంట తర్వాత దాల్చినచెక్క, చెక్క వాసన తేలి, నేతిలో వేగిన ఖర్జూరంలా వెచ్చగా స్థిరపడుతుంది. ఇది కిలియాన్ సంస్థ 2020లో తెచ్చిన ఏంజెల్స్ షేర్ అనే చాలా ఖరీదైన సెంటు బాటలో నడిచింది. రెండూ ఒకటి కావు, కానీ ధరలో ఉన్న తేడా అంత పెద్ద తేడా వాసనలో లేదు. చలికాలం రాత్రులకు, ఏసీ హాళ్లకు నా మొదటి సలహా ఇదే. ఉక్కపోతలో మాత్రం దీని జోలికి పోవద్దు. ఆడవాళ్లు కూడా వాడుకునేదే కాబట్టి ఇంట్లో ఇద్దరికీ పనికొస్తుంది.

అదే సంస్థ 2021లో తెచ్చిన అసద్ వేరే దారి. నల్లమిరియం, పొగాకు, కాఫీ, పచౌలి, వాటి కింద వెనీలా, సాంబ్రాణి. నేను మొదట్లో చెప్పిన ‘తోడు’ ఇందులో నిండుగా ఉంది. తీపి అంటే మొహమాటపడే మగవాళ్లు, మొదటిసారి ఈ కోవలోకి వచ్చేవాళ్లు దీనితో మొదలుపెట్టండి. కోస్తా రాత్రులకు కూడా సరిపోతుంది, స్ప్రే ఒకటి తగ్గిస్తే చాలు.

డబ్బు ఇంకా తక్కువ ఉందా? సౌదీకి చెందిన అల్ రెహాబ్ వారి చాకో మస్క్ అనే చిన్న రోల్ ఆన్ సీసా వస్తుంది, 6 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ లేని తైలం, కోకో, వెనీలా, మెత్తటి కస్తూరి. కాలేజీ కుర్రాడి జేబుకు కూడా భారం కాదు. దూరం పోదు, చర్మానికి అంటుకుని ఉంటుంది. ఒంటరిగా వాడితే కాస్త చిన్నపిల్లల చాక్లెట్‌లా ఉంటుందని నా అభిప్రాయం. అందుకే దానికి తోడు కట్టాలి.

ఆ తోడు కోసం అత్తరు దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చార్మినార్, పత్తర్‌గట్టి వైపు అత్తరు దుకాణాలు ఉండనే ఉన్నాయి. అక్కడ 3, 6, 12 మిల్లీలీటర్ల లెక్కన అమ్ముతారు. 12 మిల్లీలీటర్లను తులం అంటారు. వట్టివేరు అత్తరు, షమామా, గంధం: ఈ మూడూ తీపికి గట్టి జోడీలు. షమామా అంటే రకరకాల మూలికలు, మసాలా దినుసులు కలిపి దింపే అత్తరు, దానిలో మన మసాలా డబ్బా మొత్తం ఉన్నట్టుంటుంది. సంప్రదాయ పద్ధతిలో ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పూలు, మూలికలను నీళ్లతో దేగ్ అనే రాగి పాత్రలో మరిగించి ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. అలాంటి అసలైనది వంద రూపాయలకు రాదు. ఆ ధరకు ఇచ్చేది తయారీ వాసనే. అది తప్పేమీ కాదు, వాసన నచ్చితే హాయిగా కొనుక్కోండి, కాకపోతే ‘అసలు గంధం’ అని చెప్పి ఎక్కువ అడిగితే మాత్రం ఇవ్వకండి. ఛాతీ మీద వట్టివేరు అత్తరు ఒక్క చుక్క, మణికట్టు మీద చాకో మస్క్ ఒక గీత. వర్షాకాలం సాయంత్రం ఈ జోడీని ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

ఐదో అడుగు: చర్మం మీద ఒక రాత్రంతా ఉంచి చూడండి

డబ్బు పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ అడుగు దాటేసినవాళ్లే. షాపులో కాగితం పట్టీ మీద మీకు తెలిసేది మొదటి పది నిమిషాలు మాత్రమే. తీపి సెంట్లకు ఆ పది నిమిషాలు అసలు స్వభావం చెప్పవు. వెనీలా, టోంకా, సాంబ్రాణి లాంటివి బరువైన వాసనలు, నెమ్మదిగా లేస్తాయి.

ఇలా చేయండి. కాగితం మీద నాలుగు వాసన చూసి రెండు ఎంచుకోండి. ఒక్కో చేతి మీద ఒక్కొక్కటి, ఒక్కో స్ప్రే. అంతకుమించి ఒక్కటి కూడా వద్దు, ముక్కు కలగాపులగం అవుతుంది. కొన్ని షాపుల్లో గిన్నెలో కాఫీ గింజలు పెడతారు. వాటికంటే బయటకొచ్చి మామూలు గాలి పీల్చడం మేలు. షాపులో ఏదీ కొనకుండా ఇంటికి రండి. టెన్షన్ పడకండి, వాసన చూడటానికి షాపులో పెట్టే టెస్టర్ సీసాలు ఉన్నది అందుకే.

గంట తర్వాత ఒకసారి, భోజనం చేశాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి వాసన చూసి ఒక్కో మాట రాసుకోండి. ఇంట్లోవాళ్లను అడగండి, కానీ ‘బాగుందా’ అని అడగొద్దు, ‘ఏం గుర్తొస్తోంది’ అని అడగండి. బాగుందా అంటే ఎవరైనా బాగుందనే అంటారు. మా అమ్మ ఒకసారి ‘దసరాకి చేసే అరిసెల పిండి’ అంది. ఆ సీసా కొన్నాను. ఇంకొకదానికి ‘దగ్గు మందు’ అంది. కొనలేదు. తెల్లారి లేచాక చొక్కా చేతి అంచు వాసన చూడండి. చవక తీపిలో లోపం ఉంటే పొద్దునకల్లా మాడిన చక్కెరలానో, ప్లాస్టిక్‌లానో బయటపడుతుంది. మెత్తగా సాంబ్రాణిలా మిగిలి ఉంటే అది కొనదగ్గ సీసా.

మీ ఊళ్లో టెస్టర్లు ఉన్న షాపు లేకపోతే 5, 10 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోకి తీసి అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో ఉంటారు, వాటిని డికాంట్ అంటారు. మిల్లీలీటరుకు ధర కాస్త ఎక్కువ పడుతుంది. అయినా నచ్చని పెద్ద సీసా బీరువాలో మూలపడటం కంటే నయం.

చర్మం సున్నితంగా ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కూమరిన్, దాల్చినచెక్క వాసన పదార్థాలు కొందరికి పడవు. మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఇక దాన్ని చర్మానికి తగలనివ్వకండి.

ఆరో అడుగు: నకిలీ అంటగట్టించుకోకండి

పేరు వచ్చిన ప్రతి చవక సెంటుకూ ఇంకా చవకైన నకిలీ ఉంది. నేనూ ఒకసారి ఆన్‌లైన్‌లో సగం ధర చూసి తొందరపడ్డాను. వచ్చిన సీసా మూత వదులుగా ఉంది, వాసన అరగంటలో పోయింది, డబ్బు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. అప్పటి నుంచి మూడు చూస్తాను. పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న నంబరు ఒకటే కావాలి. దిగుమతి సరుకైతే దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కరు ఉండాలి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీస్తాను. అమ్మినవాళ్లు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

ఏడో అడుగు: కొట్టుకునే పద్ధతి

స్నానం చేసి ఒళ్లు తుడుచుకోగానే, చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే, వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. పొడి చర్మం మీద సెంటు నిలవదు. చలికాలంలో చేతులు తెల్లగా పగిలేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కాస్త వేజలీన్ అయినా సరే. చంకలకు వాడే డియో కూడా వాసన లేనిదో, బాగా తక్కువ ఉన్నదో అయితే మంచిది. మెంథాల్ పౌడర్ మీద వెనీలా కొడితే రెండూ పోట్లాడుకుంటాయి.

బయల్దేరడానికి అరగంట ముందు కొట్టుకోండి. తీపి సెంటు మొదటి అరగంట గట్టిగా అరుస్తుంది, ఆ అరుపు ఇంట్లోనే అయిపోవాలి. ఒకటి ఛాతీ మీద, చొక్కా లోపల. ఒకటి మెడ వెనుక. కావాలనుకుంటే మూడోది ఒక మణికట్టు మీద. రెండు మణికట్లూ కలిపి రుద్దకండి, మొదట్లో వచ్చే తేలికపాటి వాసనలు తొందరగా ఎగిరిపోతాయి. ఛాతీ మీద కొట్టినది ఒంటి వేడికి నెమ్మదిగా పైకి వస్తుంది, చొక్కా దాన్ని అదుపులో పెడుతుంది. తీపికి ఇదే సరైన చోటు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇరవై నిమిషాలు కాగానే మీ సెంటు మీకే వినిపించడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటారు. పోలేదు, ముక్కు అలవాటు పడిందంతే. మా తమ్ముడి నిశ్చితార్థానికి నేను ఇదే తప్పు చేశాను. ఇంట్లో మూడు, కారు ఎక్కేముందు రెండు, హాలు మెట్ల దగ్గర ఇంకో రెండు. ఏసీ సరిగా లేని హాలు, నిండా జనం. పక్కనే కూర్చున్న నానమ్మ కాసేపటికి ‘నాయనా, ఆ వాసనకి తల తిరుగుతోందిరా’ అని లేచి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. ఫొటోల్లో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ రోజు నుంచి నా లెక్క మూడు దాటలేదు, ఇరుకు చోటైతే రెండు. చేయి చాచినంత దూరంలో ఉన్నవాళ్లకు తెలిస్తే చాలు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను చూడటానికి వెళ్లేటప్పుడు అసలు వద్దు.

బట్టల విషయం కూడా గుర్తుంచుకోండి. వెనిలిన్ కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే తీపి సెంట్లు చాలావరకు తేనె రంగులో ఉంటాయి, ఏడాది తర్వాత ఇంకా ముదురుతాయి. రంగు ముదిరినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. కానీ తెల్ల చొక్కా మీద, పట్టుపంచె మీద, కండువా మీద నేరుగా కొడితే మరక పడుతుంది, అది సులువుగా పోదు. చర్మం మీదే కొట్టుకుని, రెండు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు పంచె కట్టుకోండి. ఇంకొకటి, ఇందులో ఉన్నది ఆల్కహాల్. దేవుడి దగ్గర దీపం వెలిగించడం, దీపావళికి టపాసులు కాల్చడం లాంటివి ఉంటే సెంటు బాగా ఆరాకే నిప్పు దగ్గరికి వెళ్లండి.

చివరి అడుగు: దాచుకోవడం

వేడి, వెలుతురు సెంటుకు శత్రువులు. బాత్రూమ్ అరలో, కిటికీ పక్కన, ముఖ్యంగా ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. పెట్టెతో సహా బీరువాలో బట్టల మధ్య నిలబెట్టండి. ఫ్రిజ్ అవసరం లేదు. మూత ప్రతిసారీ గట్టిగా పెట్టండి. అత్తరు సీసాలైతే పడుకోబెట్టకండి, కారి చొక్కాలకు అంటుకుంటుంది.

నా చిక్కటి తీపి సీసాలు శివరాత్రి దాటాక, చలి తగ్గగానే బీరువా వెనక్కి వెళ్లిపోతాయి. ఎండాకాలమంతా వట్టివేరు అత్తరు, ఎప్పుడైనా ఏసీ హాల్లో రిసెప్షన్ ఉంటే అసద్ ఒక్క స్ప్రే. కార్తీక మాసం మొదలై, పొద్దున్నే చన్నీళ్లకు ఒళ్లు జలదరించే రోజు వచ్చినప్పుడు ఖమ్రా పెట్టె మళ్లీ ముందుకు జరుపుతాను.